విరిగితే ఏడవని సామాను

ఆ వేసవంతా మా ఇంట్లో కూరగాయలు స్టీలు పళ్ళెం మీద కోశారు. కత్తి పళ్ళేనికి తగిలినప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టుండేది. మా అత్తయ్య పొద్దున్నే వంటింట్లో ఆ పని మొదలుపెట్టేది. నేను ముందు గదిలో కూర్చుని వినేవాణ్ణి. మా అమ్మాయి తన గదిలో తలుపు వేసుకుని వినేది. ఆ చప్పుడు గురించి ముగ్గురం ఎప్పుడూ ఒక్క మాట అనుకోలేదు.

కటింగ్ బోర్డు లేక కాదు. సింకు పక్కన, కుళాయి వెనక, గోడకి ఆనించి ఉంది. నా భార్య ఆఖరిసారి కడిగి ఆరబెట్టిన చోటే ఉంది. ఆమె ఒక ఆసుపత్రి క్యాంటీన్లో వంటలు చూసేది. అక్కడ పాత సామాను మార్చినప్పుడు ఒక బోర్డు ఇంటికి తెచ్చుకుంది. తెల్లటి ప్లాస్టిక్‌ది, ఇళ్ళలో వాడే వాటికంటే బాగా మందం, సింకు మీద అడ్డంగా పెడితే సింకు కనపడేది కాదు. ఆమెది ఎడమ చేతి వాటం. బోర్డు మీది కత్తి గాట్లన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. ఒక మూల బీట్‌రూట్ మరక ఉంది. అది పోదు.

శీతాకాలం చివర్లో ఒకరోజు పనికి బయల్దేరుతూ మెట్ల మీద కూర్చుంది. కూర్చున్నది మళ్ళీ లేవలేదు. నేను బళ్ళో భాష చెబుతాను. పిల్లల వ్యాసాల్లో అక్కర్లేని మాటలు కొట్టెయ్యడం నా పని. ఈ విషయంలో కొట్టెయ్యగా మిగిలింది ఆ రెండు వాక్యాలే.

బోర్డు ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అన్నట్టే నడిచింది.

సెలవులు మొదలయ్యాక మా అమ్మాయి ఒక సాయంత్రం నా కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. దాన్ని ఇంట్లో అందరం పిట్ట అంటాం. పదహారేళ్ళు వచ్చినా ఆ పేరే మిగిలింది.

"నాన్నా, సెలవులు అయ్యేలోపు రోబోల కొట్లాట ఉంది. గుర్తుందా?"

గుర్తుంది. తల్లీకూతుళ్ళిద్దరూ రాత్రి భోజనాలయ్యాక ఒకే ఫోనులో ఆ కొట్లాటలు చూసేవాళ్ళు. ఏ యంత్రమైనా పల్టీ కొట్టి పడిపోతే నా భార్య వంటింట్లోకి వినపడేలా "లే! లే తల్లీ, లే!" అని అరిచేది. అవతలి యంత్రం పడినా అలాగే అరిచేది. ఎవరి పక్షమే నువ్వు అంటే, పడ్డవాళ్ళ పక్షం అనేది.

"జట్టులో ఇద్దరుండాలి," అంది పిట్ట. "రెండో పేరు అప్పట్లో అమ్మది ఇచ్చాను. మార్చుకోవచ్చట."

"మార్చు."

"ఎవరిది పెట్టను?"

"నాది పెట్టు."

"నీకు స్క్రూ బిగించడం వచ్చా?"

"రాదు."

"సర్లే," అని వెళ్ళిపోయింది.

లోపల్నుంచి అత్తయ్య అడిగింది. "రోబో అంటే ఇల్లు ఊడ్చేది కదే?"

"అది వేరే అమ్మమ్మా. ఇది కొట్లాడేది."

"ఊడ్చేది చెయ్యవే తల్లీ, నా నడుం నాలుగు రోజులు బతుకుతుంది. కొట్లాటకి మనుషులు చాల్లేదా?"

*

బజారు వీధిలో ఒక పాత భవనం కింద, నేల అడుగున, చిన్న దుకాణం ఉంది. మోటార్లు, బ్యాటరీలు, చక్రాలు, వైర్లు అమ్ముతారు. నడిపే ఆవిణ్ణి పిల్లలంతా మోటార్లక్క అంటారు. నెత్తి మీద కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుకుతూ ఉంటుంది. ఆ పోటీల్లో ఆవిడా ఒకప్పుడు పాల్గొన్నదే. గెలిచిందా అంటే, "గెలిచుంటే ఈ గుయ్యారంలో ఎందుకుంటాను," అంటుంది.

పిట్ట తను గీసుకున్న బొమ్మ చూపించింది. ముందు భాగంలో గిర్రున తిరిగే బ్లేడు.

"ఒకటిన్నర కిలోల పోటీ కదా ఇది?" అంది మోటార్లక్క. "బ్లేడు తిప్పడానికి ఒక మోటారు. ఆ మోటారుకి పెద్ద బ్యాటరీ. ఆ బ్యాటరీకి దెబ్బ తగలకుండా కవచం. బరువంతా అక్కడే అయిపోయింది. ఇంక చక్రాలకి గాలి కొనుక్కుంటావా?"

"మరి ఆయుధం లేకపోతే ఎలా అక్కా?"

"కొత్తవాళ్ళ పోటీలో ఆయుధం ఉండి తీరాలని లేదు. మొదటిది కొట్టక్కర్లేదు. నడవాలి. కొట్టించుకుని నడవాలి. పల్టీ కొట్టించినా, తలకిందులుగానే నడవాలి. అలాంటి దాన్ని చూస్తే అవతలివాడికి ఏడుపొస్తుంది."

పిట్ట చాలాసేపు బొమ్మ వంక చూసి, బ్లేడుని పెన్సిలుతో కొట్టేసింది.

ఆ తర్వాత సామాను ఎంచడం. నేను ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని వెనక నిలబడ్డాను. మోటార్లు రెండు రకాలు చూపించింది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఒకటి జోరుగా పరిగెడుతుంది గానీ ఎవరైనా అడ్డొస్తే ఆగిపోతుందట. రెండోది నిదానం, గోడనైనా నెడుతుందట. పిట్ట నిదానమైనవి తీసుకుంది. చక్రాల్లో గట్టి ప్లాస్టిక్‌వి మెరుస్తూ బాగున్నాయి. పక్కనే నల్లటి మెత్తటి స్పాంజివి, గిన్నెలు తోముకునే పీచులా. పిట్ట రెండూ గోటితో గిచ్చి చూసి స్పాంజివి బుట్టలో వేసింది. కొంత ఊడిపోయినా మిగతాది తిరుగుతుందట. చక్రాలు పెట్టె కంటే ఎత్తుగా ఉండాలని పెద్దవి ఎంచింది. అప్పుడే తిరగబడ్డా నేలకి ఆనతాయి.

"బ్యాటరీ చార్జి పెట్టి ఎవరూ నిద్రపోకండి," అంది మోటార్లక్క. "ఇసక పోసిన గిన్నెలో పెట్టి చార్జి చెయ్యండి. ఉబ్బిందా, మళ్ళీ వాడొద్దు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరేంటి మాస్టారూ, డ్రైవరా?"

"రెండో మనిషిని."

"అయితే మీకూ ఒక మాట. కొత్తవాళ్ళందరికీ చెబుతాను. విరిగితే ఏడుపొచ్చే సామాను ఏదీ దీన్లో పెట్టకండి. ఒకబ్బాయి వాళ్ళ తాతగారి గడియారం మూత తెచ్చి ముందు బిగించాడు, అందంగా ఉంటుందని. మొదటి దెబ్బకే పోయింది. పోటీ మానేసి మూలన కూర్చున్నాడు. ఇది విరగడానికే చేసే వస్తువు. అది గుర్తుంచుకోండి."

గుర్తుంచుకుంటామని చెప్పాం.

*

భోజనాల బల్ల మీద పని మొదలైంది. వంటింటి కాటా బల్ల మీదకి వచ్చింది. ప్రతి ముక్కనీ, ప్రతి స్క్రూనీ దాని మీద పెట్టి చూసేది పిట్ట. నా పని పట్టుకోవడం. ఇది పట్టుకో నాన్నా, అంటే పట్టుకునేవాణ్ణి. వదిలెయ్, అంటే వదిలేసేవాణ్ణి. ఆ వేసవిలో నాకు చేతనైన పని అదొక్కటే. పట్టుకున్నంతసేపూ ఏమీ అనుకోనక్కర్లేదు.

"నా గిన్నేది?" అని అత్తయ్య వచ్చింది.

"దాన్లో ఇసక పోశాను అమ్మమ్మా. బ్యాటరీ కోసం."

"బాగుందే. నేను పాలు ఎందులో కాయను, నీ రోబో నెత్తి మీదా?"

"కొన్నాళ్ళే అమ్మమ్మా."

"మీ అమ్మా ఇంతే. కొన్నాళ్ళే అని నా పెద్ద గరిటె క్యాంటీన్‌కి పట్టుకెళ్ళింది. ఇప్పటికీ రాలేదు."

ముగ్గురం కాసేపు గిన్నెలో ఇసక వంక చూశాం. తర్వాత అత్తయ్య ఇంకో గిన్నె వెతుక్కుంది.

మోటార్లు, చక్రాలు కుదిరాయి. కుదరనిది పెట్టె. అవన్నీ బిగించడానికీ, దెబ్బలు కాయడానికీ ఏదో ఒక పలక కావాలి. ముందు అద్దంలా ఉండే ప్లాస్టిక్ షీటు తెచ్చింది పిట్ట. లోపల వైర్లన్నీ కనపడుతూ చూడముచ్చటగా ఉంది. ఎత్తు నుంచి పడేసి చూడాలంది. ఆ పనికి మా ఇంట్లో మెట్లే వీలు. పిట్ట మెట్ల దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి బల్ల మీద నుంచి పడేసింది. షీటు మూల నుంచి మూలకి పగిలింది.

తర్వాత అల్యూమినియం. అది పగల్లేదు, కాటా ఒప్పుకోలేదు. పలచగా చేస్తే చేత్తోనే వంగింది. పిట్ట ఆ వంగిన రేకుని సరిచేస్తూ చాలాసేపు కూర్చుంది. సరయింది, మళ్ళీ వంగింది.

ఆ రెండూ సంచిలో వేసుకుని మోటార్లక్క దగ్గరికి వెళ్ళాం.

"దీనికి ఇంత అవస్థ ఎందుకు?" అంది ఆవిడ. "మందపాటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు తెచ్చుకోండి. తెల్లవి ఉంటాయి చూడండి, హోటళ్ళలో వాడేవి. దానంత మంచిది ఇంకోటి లేదు. తేలిక, పగలదు, బ్లేడు తగిలితే గాటు పడుతుంది అంతే."

పిట్ట నా వైపు చూడలేదు. నేనూ దాని వైపు చూడలేదు.

"షీటు తెప్పించగలరా?" అన్నాను.

"తెప్పిస్తాను. పోటీ అయిపోయాక వస్తుంది."

"బజార్లో చూస్తాను," అన్నాను.

చూశాను. గిన్నెల కొట్లన్నీ తిరిగాను. చెక్కవి ఉన్నాయి. చాపలా చుట్టుకుపోయే పలచటివి ఉన్నాయి. పండు బొమ్మలు వేసినవి ఉన్నాయి. తెల్లగా మందంగా ఉన్నవి లేవు. ఆఖరికి ఒక కొట్లో నల్లటి బోర్డు దొరికింది. రాయిలా ఉంది. కొట్టతను వేళ్ళ కణుపులతో టకటక కొట్టి, "పెళ్ళాం మీద కోపమొస్తే దీన్ని విసిరికొట్టండి సార్, దీనికేం కాదు," అన్నాడు. నవ్వాలని నాకు తెలుసు. నవ్వి, కొనుక్కుని వచ్చాను.

మోటార్లక్క దాన్ని రంపం మిషను కింద పెట్టగానే ముక్కలు ముక్కలై నాలుగు వైపులా ఎగిరింది. ఒక ముక్క ఆవిడ కళ్ళజోడుకి తగిలింది. అదృష్టం, ఆరోజు అది కళ్ళ మీదే ఉంది.

"గట్టిది కాదు మాస్టారూ కావల్సింది. మొండిది. గట్టివన్నీ ఇలాగే ఒక్కసారిగా పోతాయి."

ఆవిడ అన్నది ప్లాస్టిక్ గురించే. నేను నేల మీద ముక్కలు ఏరుతూ కూర్చున్నాను. చిన్నవి కూడా ఏరాను. చాలు మాస్టారూ, ఊడ్చేస్తాను, అని ఆవిడ రెండుసార్లు చెప్పాక లేచాను.

బస్సులో పిట్ట కిటికీలోంచి చూస్తూ అంది. "వచ్చే ఏడు చేద్దాంలే నాన్నా."

"ఊఁ."

"పేరు తీసెయ్యమని చెప్తాను. వాళ్ళేం అనుకోరు."

దాని ఒళ్ళో చక్రాల పెట్టె ఉంది. బస్సు కుదుపుకి అది పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

*

ఆ సాయంత్రం వంటింట్లో చప్పుడు మధ్యలో ఆగింది. వెళ్ళి చూస్తే అత్తయ్య బొటనవేలు కుళాయి కింద పెట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెం జారి వేలు తెగింది. పెద్ద గాయం కాదు. గుడ్డ తెచ్చి కట్టాను. కడుతుంటే ఆవిడ కుళాయి వెనక్కి చూసింది.

"దాన్ని అలా నిలబెట్టి ఏం చేస్తావు బాబూ?"

"నేను నిలబెట్టలేదు అత్తయ్యా."

"మరి?"

"మీకు కష్టంగా ఉంటుందని ముట్టుకోలేదు."

ఆవిడ నా వంక వింతగా చూసింది. "నాకా? నీకు కష్టమని నేను ముట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఈ దిక్కుమాలిన పళ్ళెంతో చస్తున్నాను."

నేను ముడి వేశాను. వదులుగా పడింది, విప్పి మళ్ళీ వేశాను.

"పిట్టకి అలాంటిదే కావాలట," అన్నాను. "ఇంకెక్కడా దొరకలేదు."

"అడిగిందా?"

"అడగలేదు."

"అడగదు. మనిద్దరికీ కష్టమనుకుంటుంది." ఆవిడ వేలు ఎత్తి కట్టు చూసుకుంది. "ముగ్గురికి ముగ్గురం, మంచివాళ్ళమే దొరికాం."

మర్నాడు పొద్దున బోర్డు తీశాను. అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. దాని వెనక గోడ పలకలు కొత్తవాటిలా తెల్లగా ఉన్నాయి. అడుగున నీటి చారిక ఒకటి గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకితే రాలిపోయింది. బోర్డుని తువ్వాల్లో చుట్టి, బడికి తీసుకెళ్ళే సంచిలో పెట్టాను. సగం బయటికే ఉంది.

పిట్ట తలుపు తట్టి, "పద, మోటార్లక్క దగ్గరికి," అన్నాను.

అది సంచి వంక చూసింది. తువ్వాలు అంచున బీట్‌రూట్ మరక ఉన్న మూల కనపడుతోంది.

"అమ్మమ్మకి తెలుసా?"

"తెలుసు."

వెళ్ళి చెప్పులేసుకుంది.

మోటార్లక్క తువ్వాలు విప్పి, "ఇదీ సరుకంటే! ఎక్కడ పట్టారు?" అంది సంబరంగా. అటూ ఇటూ తిప్పింది. గాట్లు ఉన్న వైపు అరచేత్తో తడిమింది. చెయ్యి ఆగింది.

"ఇది వాడిన బోర్డు."

"అవును."

"ఎడమ చేతి వాళ్ళు."

"అవును."

ఆవిడ మిషను స్విచ్చి కట్టేసింది. పిట్ట వంక చూసింది, నా వంక చూసింది. "మాస్టారూ, నేనొక మాట చెప్పాను."

"గుర్తుంది."

"ఒకసారి కోశాక నేను అతికించలేను."

"కొయ్యండి," అన్నాను.

పిట్ట సంచిలోంచి కాగితం తీసి బోర్డు మీద పరిచింది. ముక్కల కొలతలన్నీ ముందే గీసి ఉన్నాయి. బోర్డు సైజుకి సరిగ్గా అమరాయి. ఇంట్లో మేం లేనప్పుడు దాన్ని ఎప్పుడో కొలుచుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసింది కాబోలు. నేను అడగలేదు.

"గీతలున్న వైపు లోపలికా, బయటికా?" అంది మోటార్లక్క. ఈసారి గొంతు మామూలుగా ఉంది, పని గొంతు. "బయటికి పెడితే అవతలి బ్లేడు ఆ గీతల్లో పట్టు దొరికించుకుంటుంది. నున్నటి వైపైతే జారుతుంది."

"లోపలికి," అంది పిట్ట.

రంపం తిరిగినంతసేపూ బోర్డు ఒక చివర నేను పట్టుకున్నాను. తెల్లటి పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుని రాలింది. పిట్ట జుట్టు మీద పడింది, నా చొక్కా మీద పడింది. కొయ్యగా ఒక ముక్క మిగిలింది. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత ఉంది. మరక ఉన్న మూల దానికే వచ్చింది.

"స్పేరు ఉంచుకోండి," అని మోటార్లక్క దాన్ని సంచిలో వేసింది. కోత కూలి ఎంత అంటే వినపడనట్టు కళ్ళజోడు వెతుక్కుంది.

*

పోటీకి అత్తయ్య కూడా వస్తానంది. ఒళ్ళో సంచి పెట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. పెద్ద హాలు మధ్యలో అద్దాల గది లాంటిది కట్టారు. దాని లోపల కొట్లాట. బయట పిల్లలు, పెద్దలు, చేతుల నిండా స్క్రూడ్రైవర్లు.

"దీనికి పేరేం పెట్టావే?" అని అడిగింది అత్తయ్య.

"మొండిఘటం."

ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుంది. "అది నేను మీ అమ్మని తిట్టే తిట్టు."

"తెలుసు."

మైకులో ఆ పేరు చదివినప్పుడు హాల్లో నవ్వారు. ఎదటిదానికి ముందు వైపు గుండ్రటి ఇనప చక్రం, అంచున పళ్ళు. అది తిరగడం మొదలుపెట్టగానే అద్దాలు సన్నగా వణికాయి. మాది దాని ముందు తెల్లగా, చప్పగా, మూత పెట్టిన టిఫిన్ డబ్బాలా ఉంది.

మొదటి దెబ్బకే గాల్లోకి లేచింది. తలకిందులుగా పడింది. కదల్లేదు. రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. పిట్ట రిమోట్ మీటలు రెండూ ముందుకి నొక్కి పట్టింది. నేను దాని పక్కన నిలబడి ఉన్నాను. పట్టుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు.

"లే!" అని కేక వినపడింది. "లే తల్లీ, లే!"

ఆ గొంతు నాకు తెలుసు. ఎక్కడ తెలుసో తట్టడానికి ఒక క్షణం పట్టింది. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య సంచి కింద పడేసి, కట్టు కట్టిన వేలు గాల్లో పెట్టి నిలబడి ఉంది. ఆవిడ అలా అరవగలదని నేనెప్పుడూ అనుకోలేదు. నా భార్యకి ఆ కేక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఎప్పుడూ అనుకోలేదు.

స్పాంజి చక్రాలు ఒకసారి జారి, పట్టు చిక్కించుకున్నాయి. తలకిందులుగానే మొండిఘటం నడిచి వెళ్ళి ఆ ఇనప చక్రానికి ఎదురుగా నిలబడింది. అది మళ్ళీ కొట్టింది. ఈసారి దాని పళ్ళు తెల్ల ప్లాస్టిక్‌లో దిగి ఇరుక్కుపోయాయి. లాక్కోలేకపోయింది. అలా ఇరుక్కుని ఉండగానే దాని లోపల ఏదో కాలి, పొగ వచ్చి, ఆగిపోయింది. మాది దాన్ని నిదానంగా గోడ దాకా నెట్టుకుపోయింది.

రెండో పోటీలో ఓడిపోయాం. ఒక వైపు చక్రం మొదలంటా ఊడి పోయింది. మిగిలిన చక్రంతో మొండిఘటం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఉంది, సమయం అయ్యేదాకా. ఆపెయ్ పాపా, చాలు, అన్నాడు రిఫరీ. పిట్ట ఆపలేదు. గంట మోగాకే ఆపింది.

బయట మెట్ల మీద కూర్చుని మరలు విప్పింది. బయటి వైపు వేలు దూరేంత గాట్లు, అడ్డదిడ్డంగా. లోపలి వైపు పాత గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"విరగలేదు నాన్నా," అంది. "గాట్లు పడ్డాయి అంతే."

"చూశాను."

కాసేపాగి తల నా భుజానికి ఆనించింది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. ఏ మెట్ల మీదైనా నేను కూర్చోవడం శీతాకాలం తర్వాత అదే మొదటిసారి.

*

మర్నాడు పొద్దున ముందు గదిలో కూర్చున్నాను. బడి తెరవబోతున్నారు, పాఠాలు సిద్ధం చేసుకుంటున్నాను. పళ్ళెం చప్పుడు కోసం పళ్ళు బిగబట్టుకోవడం నాకు అలవాటైపోయింది. బిగబట్టుకునే ఉన్నాను.

"పిట్టా!" అని అత్తయ్య కేకేసింది. "ఈ స్పేరు ముక్క నీకు ఇంక పనుందా?"

"లేదు అమ్మమ్మా!"

కుళాయి విప్పిన చప్పుడు. కడిగిన చప్పుడు. తర్వాత టక్, టక్, టక్, మెత్తగా, ప్లాస్టిక్ మీద కత్తి. నా చేతిలో పెన్ను ఆగింది. నా భార్య కోస్తే ఇంతకంటే వేగంగా ఉండేది, మధ్యలో ఆగేది కాదు. ఇది ఆగి, ఆగి, ముక్కలు పక్కకి తోసి, మళ్ళీ మొదలవుతోంది. ఇది వేరే చెయ్యి. కుడి చెయ్యి.

పిట్ట గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలబడి అదీ వింటోంది.

"ముగ్గురికీ ఇది చాలా బాబూ?" అని అడిగింది అత్తయ్య లోపల్నుంచి.

ఎంత కోసిందో ఇక్కడి నుంచి నాకు కనపడదు.

"చాలు అత్తయ్యా," అన్నాను.